ఒకటో నంబరు పడవ

భోగాపురం తీరంలో ఒక మత్స్యకారుల సంఘానికి నేను లెక్కలు చూసేవాణ్ణి. డేటాబేస్ పని నాకెవరూ నేర్పలేదు. తప్పు జరిగినప్పుడల్లా తెర మీద వచ్చే మాటలు ఓపిగ్గా చదివి నేర్చుకున్నాను.

ఆ ఏడు విశాఖ ఇంజనీరు ఒకాయన చేత సంఘంవాళ్లు పడవల నమోదు ప్రోగ్రాం కొత్తగా రాయించారు. వారం తిరక్కుండానే ఒకటో నంబరు పడవ యజమాని, ముసలాయన, నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏటి బాబూ, నా నంబరు ఆ కొత్త పడవోడికి ఇచ్చీసినారట?"

"పొరపాటు జరిగుంటుంది బాబాయ్, చూస్తాను."

"సూడు మరి. రేపు ఆడు సముద్రంలో తప్పిపోతే మా ఇంటికొచ్చి ఏడుస్తారేటి?"

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. పడవ తిరిగి రాకపోతే వెతికేవాళ్లకు మేమిచ్చేది ఆ నంబరే.

కారణం కనిపెట్టడానికి ఒక పూట పట్టింది. పడవలకు వరసగా నంబర్లిచ్చే సీక్వెన్స్‌కు పాతవాళ్లు పెద్ద అక్షరంతో మొదలయ్యే పేరు పెట్టారు, అదీ జంట కొటేషన్ గుర్తుల మధ్య. అలా పెట్టిన పేరును ఎప్పుడు పిలిచినా ఆ గుర్తులతోనే పిలవాలి. లేకపోతే మా డేటాబేస్ అక్షరాలన్నీ చిన్నవి చేసుకుని వెతుకుతుంది, ఆ పేరుతో ఏదీ లేదంటుంది. ఇంజనీరు ఆ మాట నమ్మి, చిన్న అక్షరాలతో ఇంకో సీక్వెన్స్ సృష్టించాడు. అది ఒకటి నుంచి మొదలైంది.

ఇంజనీరుకు ఫోన్ చేశాను.

"సింపుల్ సార్, అన్ని పడవలకూ కొత్త నంబర్లు వేసేద్దాం. నంబర్లు మార్చే స్క్రిప్ట్ పంపుతాను, రన్ చేసేయండి."

"చెయ్యను. నాలుగు వందల పన్నెండు పడవల మీద పాత నంబర్లు రంగుతో రాసున్నాయి. వాటిని మీ స్క్రిప్ట్ చెరుపుతుందా?"

"మీరు ఇంజనీరు కాదు కదా సార్."

"కాదు. అయినా చెయ్యను."

సీక్వెన్స్‌ను పిలిచే చోట పేరు చుట్టూ జంట గుర్తులు చేర్చాను. రెండుసార్లు పరీక్షించాను. పాత వరస కదిలింది. కొత్త పడవకు 415 వచ్చింది. పరీక్షలో ఖర్చయిన 413, 414 నంబర్లను సీక్వెన్స్ వెనక్కి ఇవ్వదు.

సంఘం కార్యదర్శి పడవల జాబితా చూస్తూ కళ్లజోడు సర్దుకున్నాడు. "మద్దిలో రెండు పడవలేవి?"

"లేవు. ఖాళీ నంబరు వల్ల ఎవరికీ నష్టం లేదు. ఒకే నంబరు ఇద్దరికుంటేనే ప్రమాదం."

"ఇంజనీరు మాట కాదన్నావు. రేపేదైనా అయితే ఎవడు సెప్తాడు సమాధానం?"

కాగితం తీసుకుని, ఆ స్క్రిప్ట్ నడపనన్నది నేనేనని రాసి, సంతకం చేసి ఆయన చేతిలో పెట్టాను.