కాలేజీ లాన్‌కి చల్లిన గుళికలు

ఎనభైల్లో నేను నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. మొక్కల పాఠాలు చెప్పేవాడికి మొక్కలు పెంచడం కూడా వచ్చనుకుని ప్రిన్సిపాల్ గారు తన గది ముందున్న లాన్‌ని నాకు అంటగట్టారు. అడుగు తవ్వితే రాయి తగిలే నేలలో, పల్నాటి ఎండలో లాన్! ఎవరికి పుట్టిన బుద్ధో గాని, చచ్చే చావయింది నాకు.

నిజం చెప్పాలంటే దాన్ని బతికించింది నేను కాదు, తోటమాలి. మాచవరం వైపు మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. ఆయన కోసిన గడ్డిని సాయంత్రం భార్య గంపకెత్తుకుని వాళ్ల గేదెకి వేసేది. మా స్టాఫు ఇళ్లన్నిటికీ ఆ గేదె పాలే. "ఇది ఉన్నన్నాళ్లు మిరపకాయల కూలికి పోయే పన్లేదు సారూ" అనేది ఆవిడ. ఆ ఇంటికి అదే ఆధారం.

ఒక ఏడు లాన్‌కి వేరుపురుగు పట్టింది. ఎక్కడ చూసినా పసుపుపచ్చ మచ్చలు. యూనివర్సిటీ కమిటీ రావడానికి పది రోజులుంది. వేపపిండి, చివికిన పేడఎరువు వేస్తే రెండు నెలల్లో తేరుకుంటుందని తోటమాలి అన్నాడు. నాకంత ఓపికేదీ? ఆయన చుట్టాల పెళ్లికని సొంతూరు వెళ్లినప్పుడు, పత్తి చేలకి వేసే గుళికల మందు తెచ్చి, యూరియాతో కలిపి నేనే చల్లి, నీళ్లు పెట్టించాను. ఆ గడ్డి పశువు తినకూడదని నాకు తెలుసు. ఆయన రాగానే చెప్పాలనుకున్నాను.

కమిటీ వచ్చే రోజు పొద్దున ఆయన బస్సు దిగాడు. దిగీ దిగగానే ఏపుగా లేచిన గడ్డి కోసి చదును చేశాడు. కమిటీవాళ్లు లాన్ బాగుందన్నారు. ఆ మెప్పులో ఒళ్లు తెలియక తిరిగాను. సాయంత్రం ఆవిడ గంప నింపుకుని నా ముందు నుంచే వెళ్లింది. చూశాను కూడా. అయినా గుర్తు రాలేదు.

తెల్లారేసరికి గేదె నోట నురగతో పాకలో చచ్చి పడి ఉంది. పాము కరిచిందన్నారు ఇరుగుపొరుగు. ఆవిడ దాని పొట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది. "చూడి గేదె సారూ. వచ్చే నెలలో ఈనేది" అంది. నేను "అయ్యో" అన్నాను. మందు సంగతి చెప్పకుండానే ఇంటికొచ్చేశాను. పిరికితనం, ఇంకేం కాదు.

తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. లాన్‌లో ఇక మందు లేదు, యూరియా లేదు అన్నాను. వేపపిండి తెప్పించాను, పేడఎరువు జల్లించి వేయించాను, తుంగని చేత్తో పీకించాను. లాన్ చాన్నాళ్లు గజ్జి పట్టిన కుక్కలా ఉండేది. "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి" అని ప్రిన్సిపాల్ గారు అందరి ముందూ అనేవారు. తోటమాలి మాత్రం ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఎండలో గొంతుక్కూర్చుని చెప్పిన పనల్లా చేసేవాడు. ఆవిడ మిరపకాయల కోతకి పోయేది. సాయంత్రం కాలేజీ గేటు ముందు నుంచి, మండే చేతుల్ని చీరకి తగలకుండా ఎత్తిపెట్టుకుని నడిచి వెళ్లేది.

వానలు పడ్డాక గడ్డి మెల్లగా పరుచుకుంది. ఒక మధ్యాహ్నం ఆయన పక్కనే కూర్చుని తుంగ పీకుతూ, గేదెని చంపింది పాము కాదని, నేను చల్లిన మందని చెప్పేశాను.

ఆయన చెయ్యి ఆగలేదు.

"తెలుసు సారూ. మందు ఖాళీ సంచి స్టోరు రూములో గేదె పోయిన రోజే కనపడింది. తీసుకుపోయి పూడ్చిపెట్టా."

"మరి అడగలేదేం?"

"అడిగితే గేదె లేచొచ్చుద్దా?" కాసేపు పీకి, వేళ్లకంటిన మట్టి దులుపుకున్నాడు. "మా ఇంటిదానికి మాత్రం చెప్పబాకండి. పామనుకోబట్టే ఏడ్చి ఊరుకుంది. మన సారే చేశాడంటే తట్టుకోలేదు. మీరంటే చానా గౌరవం దానికి."

ఆ సాయంత్రం ఆవిడ గేటు దగ్గర ఎదురై, ఎప్పటిలాగే పిల్లలు బాగున్నారా సారూ అని అడిగింది. బాగున్నారమ్మా అన్నాను.