సూర్యాపేట నుంచి సూర్యాపేట దాకా, ఒంటరిగా, ఆగకుండా

మూడు అగ్రాలు చుట్టి, ఎవరి సాయమూ తీసుకోకుండా, మధ్యలో ఎక్కడా ఆగకుండా, బయలుదేరిన చోటికే తిరిగొచ్చినవాళ్లు ఈ భూమ్మీద వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్నారు. వాళ్లలో నేనొకణ్ని.

సరే, మొదట్లోనే చెప్పేస్తాను. నా అగ్రాలు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. నా పడవ ఆర్డినరీ బస్సు. సాయం తీసుకోకపోవడం, ఆగకపోవడం సంగతి ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఈ యాత్రకు కారణం ఒక ఫ్రాన్సు దేశస్థుడు. నేనెవరో ఆయనకు తెలియదు. పక్కపక్కనే మూడు పొట్టలు కలిపి కట్టిన తెరచాప పడవ వేసుకుని, ఒక్కడే, ఇంతవరకూ ఎవరూ తిరగనంత వేగంగా భూమి చుట్టూ తిరిగి రావాలని బయలుదేరాడు. సముద్రంలో ఒక గీత ఉందట, కంటికి కనిపించదట. అది దాటగానే గడియారం మొదలు. మూడు ఖండాల కింది కొసలు, వాటినే అగ్రాలంటారు, చుట్టి మళ్లీ అదే గీత దాటితే గడియారం ఆగుతుంది. పడవ ఎక్కడుందో చూపించే చుక్క ఒకటి ఫోనులో కదులుతూ ఉంటుంది. రోజుకొకసారి చూసేవాణ్ని. అబద్ధం, ఇరవై సార్లు చూసేవాణ్ని. చూసిన ప్రతిసారీ తిట్టేవాణ్ని.

తిట్టక ఏం చేయమంటారు? ఆఫ్రికా కింద నుంచి పోతాడు, ఆఫ్రికాలో దిగడు. ఆస్ట్రేలియా దాటుతాడు, ఒక్కణ్ని పలకరించడు. ఎండబెట్టిన తిండిలో వేడినీళ్లు పోసుకుని తింటాడు. ఇరవై నిమిషాలకోసారి కునుకు తీసి లేస్తాడు. నలభై ఏళ్లుగా ఊళ్లు తిరిగి రాస్తున్నవాణ్ని (పదకొండేళ్లు అనుకోండి, రిటైరయ్యాక మొదలుపెట్టాను), టీ తాగకుండా ఊరు దాటిపోయేవాణ్ని నేను యాత్రికుడనను, పార్సిలు అంటాను. పైగా ఒంటరి అట! ఒడ్డున నలుగురు కూర్చుని గాలి ఎటు మళ్లుతుందో, పడవ ఎటు తిప్పాలో పూటపూటకూ చెబుతుంటారు. అదేం ఒంటరితనం? మా ఇంట్లో నేను అంతకంటే ఒంటరిగా ఉంటాను.

ఈ మాటలు రోజూ వినీ వినీ మా ఆవిడ యాదమ్మ ఒకరోజు చేతిలో చేట కిందపెట్టింది.

"ఆయన సంద్రం సుట్టొస్తుండు. నువ్వు కూరగాయల మార్కెట్ దాక పోయి పడ్డవ్."

ఆ మాట నిజమే. రెండు నెలల కింద మార్కెట్ దగ్గర షుగరు పడిపోయి, కళ్లు తిరిగి, వంకాయల గంపలో కూర్చున్నాను. ఆ రోజు నుంచి గడప దాటాలంటే పక్కన ఒక మనిషి ఉండాలని ఆమె హుకుం. నెలకొక ఊరు తిరిగేవాడికి అది జైలు. పౌరుషం వచ్చి పందెం కాశాను. ఆ ఫ్రాన్సు ఆయన షరతులే నాకూ. ఒక్కణ్నే పోతాను, ఎవరి సాయమూ తీసుకోను, బస్సు మారడానికి తప్ప దిగను, మధ్యాహ్నం మూడింటికల్లా మళ్లీ సూర్యాపేట బస్టాండులో ఉంటాను. గెలిస్తే ఇక మీద ఏ ఊరికైనా ఒక్కణ్నే. ఓడితే ఒక్కణ్నే పోవడం అనే మాట మళ్లీ ఎత్తను.

"మాట మీద నిలవడుతవా?" అంది.

"నేనెప్పుడు తప్పిన?"

ఆమె వేళ్లు మడవడం మొదలుపెట్టింది. రెండో చేతికి వచ్చేలోగా బయటపడ్డాను.

ఉదయం ఎనిమిదీ నలభైకి సూర్యాపేటలో కోదాడ బస్సు ఎక్కాను. ఏడింటికి మూడు ఇడ్లీలు, షుగరు మాత్ర అయ్యాయి. చేతిలో రెండు చపాతీలు, బెండకాయ కూర ఉన్న స్టీలు గిన్నె. మూడు బస్సుల టికెట్లూ కలిపి రెండు వందల లోపే అవుతాయి, ఈ దారిలో రావాలనుకునేవాళ్లు చిల్లర దగ్గర పెట్టుకోండి. బస్సు కిటకిటలాడుతోంది. కాలేజీ అమ్మాయి ఒకతె లేచి, "కూసో తాతా" అంది. సీటు ఇస్తే సాయం కిందికి వస్తుంది. వద్దన్నాను. కోదాడ దాకా నిలబడే వెళ్లాను.

దురాజ్‌పల్లి దాకా నిలబడ్డాను. అంటే ఊరు దాటేదాకా. తర్వాత కూర్చున్నాను. ఆ అమ్మాయి నవ్వింది.

హైవే గురించి రాయడానికి ఏమీ లేదు. మునగాల వచ్చింది, పోయింది. ఫోను తీసి చుక్కను చూశాను. పడవ గంటకు మా బస్సుతో సమానంగా పోతోంది. మా బస్సు మధ్యమధ్య ఆగి మనుషులను ఎక్కించుకుంటోంది కాబట్టి గొప్పతనం మాదే.

తొమ్మిదీ యాభైకి కోదాడ. దిగాక వంద అడుగులు వేశానో లేదో, గిన్నె బస్సులో పై అరలోనే ఉండిపోయిందని గుర్తొచ్చింది. వెనక్కి తిరిగేసరికి బస్సు లేదు. విచారణ గదిలో అడగవచ్చు, అడిగితే సాయం. ఏదైనా కొనుక్కు తినవచ్చు, కానీ ఈలోగా మిర్యాలగూడ బస్సు వస్తే? ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. పదీ పది అయింది, పదిన్నర అయింది. వెనక టీ కొట్టు ఆయన ఇక ఉండబట్టలేక బయటికొచ్చాడు. కోదాడ దాటితే ఆంధ్రా మాట, ఆ కొట్టులో అప్పుడే మొదలైంది.

"ఏవండీ పెద్దాయనా, ఇందాకట్నించీ చూస్తన్నాను. మీరెక్కడికెళ్లాలి?"

"మిర్యాలగూడ."

"ఇది ఖమ్మం బస్సులు ఆగే చోటండీ. మీ బస్సు అటేపు నుంచి ఒకటెళ్లిపోయింది కూడానూ."

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. నేను ముప్పై ఏళ్లు బస్టాండులో బస్సులు వచ్చే పోయే వేళలు రాసే కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఏ బస్సు ఎక్కడ నిలబడుతుందో వేలమందికి చెప్పి, అడిగినవాళ్లను కళ్లు లేవా అని కసిరినవాణ్ని. ఆ టీ కొట్టు ఆయనకు ఈ సంగతి చెప్పలేదు.

పదీ నలభైకి బస్సు దొరికింది. కిటికీ పక్కన నలభై అయిదేళ్ల ఆవిడ, కాళ్ల దగ్గర పెద్ద సంచి, నిండా లైనింగు గుడ్డలు, దారపు రీళ్లు. పేరు సైదమ్మ అనీ, నేరేడుచర్లలో జాకెట్లు కుడుతుందనీ, సామానుకు కోదాడ వచ్చిందనీ తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నేను నోరు విప్పలేదు. సముద్రంలో ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడు గనక?

హుజూర్‌నగర్ దాటాక చేతులు వణికాయి. మెడ వెనక చల్లటి చెమట. రోడ్డుకు రెండు వైపులా ఉన్న వరి మళ్లు ఒకదాని మీదికొకటి జరుగుతున్నట్టు కనిపించాయి. ఇది మార్కెట్‌లో వచ్చినదే. మాత్ర కడుపులో ఉంది, తిండి కోదాడ బస్సులో ఉంది. లేచి ఎవరినైనా అడగాలి. అడిగితే పందెం పోతుంది. పంతం పట్టి ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను.

"ఏమైంది పెద్దాయన? మొహం గట్ల తెల్లవడ్డది?" అంది పక్కావిడ.

"ఏం లేదు బిడ్డా."

"షుగరా?"

తల ఊపాను. సంచిలోంచి బత్తాయి తీసింది, గోళ్లతో వలిచింది, తొనలు చేతిలో పెట్టింది.

"వద్దమ్మా. ఎవల సాయం తీసుకోవద్దు. రికార్డు."

"ఏం రికార్డు?"

మాట తడబడుతూనే చెప్పాను. సముద్రం, పడవ, మూడు అగ్రాలు, మూడింటి గడువు. ఆమె ఓపిగ్గా విన్నది.

"ఇగ తినకుంటే గా రికార్డు నీ ఫొటో కింద రాసి దండ ఏస్తరు బాపూ. తిను."

తిన్నాను. రెండో బత్తాయి ఆమె అడగకుండానే వలిచింది, నేను వద్దనకుండానే తిన్నాను. నేరేడుచర్లలో బస్సు ఆగగానే ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో నా రెక్క పట్టుకుని దింపింది. పక్కన కూర్చున్నవాణ్ని గట్ల వదిలిపెట్టి పోతే రాత్రి నిద్ర పడుతుందా అని కండక్టరుతో అంటోంది. అప్పటికి పన్నెండు కావస్తోంది. ఆమె కొట్టులో రెండు మిషన్లు, గోడకు వేలాడే జాకెట్లు. స్టూలు మీద కూర్చోబెట్టి, పప్పన్నం పెట్టి, నేను తింటున్నంతసేపూ ఒక జాకెట్టు చేతికి అంచు కుట్టేసింది. ఆమె భర్త హాలియాలో కాంట్రాక్టు పనిలో ఉన్నాడట. పెద్ద కూతురు నర్సింగు చదువుతోందట. షుగరు పడిపోతే ఏం చేయాలో ఆ బిడ్డే నేర్పిందట. పెళ్లిళ్ల రోజుల్లో జాకెట్టుకు ఎంత తొందరపెడతారో, అందరికంటే తొందరపెట్టినవాళ్లే తర్వాత తీసుకుపోవడానికి ఎలా రారో చెప్పి నవ్వింది. ఫ్రాన్సు ఆయన సగం భూమి చుట్టి ఇన్ని సంగతులు తెలుసుకుని ఉండడు, పందెం.

ఒంటిగంట దాటాక బస్సు ఎక్కించింది. డబ్బులు ఇవ్వబోతే, "అన్నానికి పైసలిస్తవా?" అని కసిరింది.

ఒంటిగంటా యాభైకి మిర్యాలగూడ. సూర్యాపేట బస్సు రెండుంపావుకు. అంటే మూడున్నర దాటాక గానీ చేరను. పందెం పోయింది. జైలు ఖాయం అనుకుంటూ బస్టాండు ఎదుటి టీ కొట్టులో కూర్చునేసరికి, నా కింద పనిచేసి, నాకంటే ఆరేళ్ల తర్వాత రిటైరైన జానయ్య కనిపించాడు. ఉద్యోగం లేకపోయినా రోజూ అక్కడే కూర్చుని వచ్చే పోయే బస్సులను చూస్తుంటాడు. నా గోడు విని జేబులోంచి పెన్ను తీశాడు.

"గింతేనా సారూ? ఎన్నింటికి వచ్చినట్టు రాయమంటరు?"

నేను బస్టాండు గడియారం వైపు చూశాను.

"పన్నెండూ ఇరవైకి మీరీడ దిగినట్టు, అప్పటి సంది సూర్యాపేట బస్సు లేనట్టు రాస్త. సంతకం పెడ్త. మీరు నేర్పిన ఇద్యే గద."

నేను నేర్పిన విద్యే. ఊరి పేరు చెప్పను, ఆ రోజుల్లో ఆలస్యంగా వచ్చిన డ్రైవరు మొహం చూసి, పాపమనిపించి, పది నిమిషాలు తగ్గించి రాసేవాణ్ని. ఎక్కువ పాపమనిపిస్తే పావుగంట. రికార్డు అనే మాట వింటే నాకు నవ్వు రావడానికి అసలు కారణం అదే. గడియారం ఎలా రాస్తారో నాకు తెలుసు. సముద్రంలో అలా కుదరదంటారు, అంతా యంత్రాలే చూస్తాయంటారు. యంత్రాలకు పాపం అనిపించదు కాబోలు.

కాగితం తీసుకున్నాను. వద్దన్నానని రాద్దామనుకున్నాను గానీ, తీసుకున్నాను.

రెండుంపావు బస్సులో నా పక్కన రైస్‌మిల్లులో పనిచేసే ఆయన, నుదుటి మీద ఇంకా తవుడు. సరిగ్గా మూడింటికి యాదమ్మ ఫోను. నాకు చెవి మందం కాబట్టి స్పీకరు పెడతాను.

"మూడయింది. ఏడున్నవ్?"

"మిర్యాలగూడకు పన్నెండూ ఇరవైకే వచ్చిన. బస్సు లేకుండె. నా తప్పేం లేదు. కాయితం రాయించుకున్న, సంతకం ఉన్నది."

"ఎవలు రాసిన్రు?"

"జానయ్య."

ఆమె నవ్వింది. "ముప్పై ఏండ్లు రోజు ఇంటికొచ్చి, ఇయ్యాల ఎవనికెంత తగ్గించి రాసినవో చెప్పుకుంట బువ్వ తిన్నోనివి. నాకు కాయితం సూపెడ్తవా?"

మూసీ వంతెన వస్తోంది. కింద ఇసుక మధ్య సన్నటి నీటి పాయ. ఆ నీళ్లను చూస్తూ, గిన్నె పోయినది, కళ్లు తిరిగినది, నేరేడుచర్లలో దిగినది, అంతా చెప్పేశాను. ఈసారి ఆమె నవ్వలేదు.

"ఇప్పుడెట్లున్నది?"

"మంచిగనే ఉన్న."

"ఏం తిన్నవ్?"

"రెండు బత్తాయిలు. పప్పన్నం."

"ఆమె ఫోన్ నంబరు ఉన్నదా? నేను మాట్లాడ్త." ఆ వెంటనే అంది, "ఒక్కనివి పోవుడు మాత్రం ఇగ ఖతం."

"సరే" అన్నాను. వాదించలేదు. కమ్మీ పట్టుకున్న చేతులు ఎలా వణికాయో నాకు తెలుసు. ఫోను జేబులో వేసుకున్నాను.

తవుడు ఆయన అప్పటిదాకా ఆగి అడిగాడు. "ఇంట్ల లొల్లా పెద్దాయన?"

పొద్దున్నుంచి ఎవరైనా అడగాలని ఎంత ఎదురుచూశానో! మొదలుపెట్టాను. సముద్రం, ఫ్రాన్సు దేశం, మూడు అగ్రాలు, చుక్క నీళ్లు ముట్టకుండా అయిదు గంటలు. మధ్యలో ఒక ఆవిడకు కళ్లు తిరిగితే నేనే బత్తాయి వలిచి పెట్టానని కూడా అన్నాను. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు.

"మరి ఇంటామె ఏమంటది?"

"ఏమంటది! మా ఇంట్ల నేను చెప్పిందే మాట. ఇగ ఏ ఊరు పోయినా నా ఎంబడి రావాలె అని ఆర్డరేసిన."

నా జేబులోంచి గొంతు వచ్చింది. ఫోను కట్ చేయడం మరిచిపోయాను.

"ఆర్డరేసిన మొగోడా, నాగార్జున సాగర్ పోదాం గని, కిటికీ పక్క సీటు నాది. ఇప్పుడే చెప్తున్న."

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా.

మూడూ నలభైకి సూర్యాపేటలో దిగాను. పొద్దున బయలుదేరి ఏడు గంటలు. అంతసేపట్లో ఒక సీటు, రెండు బత్తాయిలు, ఒక పూట అన్నం, ఒక దొంగ కాగితం తీసుకున్నాను. ఈ దారి మంచిదే, వెళ్లాలనుకునేవాళ్లు తిండి గిన్నె ఒళ్లో పెట్టుకోండి. ఆ ఫ్రాన్సు ఆయన ఇంకా పోతూనే ఉన్నాడు, రికార్డు కొడతాడనే అంటున్నారు. కొట్టనివ్వండి. అంత పెద్ద పడవలో కిటికీ సీటు నాదని గుంజుకునేవాళ్లు ఒక్కరూ లేరు. ఉండి ఉంటే ఆయనను అంత తొందరగా పోనిచ్చేవాళ్లు కాదు.