సగం కిరాయి గది

మొన్న వెలిమెల పక్కన కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గరికి పని మీద వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. కూలీలు ఉండే రేకుల షెడ్డు మీదికి ఒకామె బకెట్టుతో నీళ్లు విసిరింది. కాగిన రేకు చుయ్‌మంది. తడిసిన సిమెంటు, ఉడికిన దుమ్ము కలిసిన వాసన ముక్కుకు తగిలింది. నేను అడగాల్సిన ప్రశ్న మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. ఆ వాసన నాకు బాలమణి పెద్దమ్మ వాసన. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆమెను ఎరగనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నాది పాడేరు. ఎండాకాలంలోనూ తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునే ఊరు. పత్రికలో ఉద్యోగం దొరికి పటాన్‌చెరు వచ్చినప్పుడు నన్ను మొదట భయపెట్టింది ఎండ కాదు, ప్రతిదానికీ ఉన్న ఖరీదు. తాగే నీళ్లు డబ్బాల్లో కొనాలి. స్నానానికి ట్యాంకరు కోసం కాచుకోవాలి. ఆఫీసుకు షేర్ ఆటో, మధ్యాహ్నం మెస్సు, చిన్న గ్యాస్ సిలిండరు. హైవే పక్కన గదుల అద్దెలు విని, అడగడానికే సిగ్గుపడి వెనక్కి వచ్చేవాణ్ని. చివరకు ఎవరో ఇంద్రేశంలో వరస గదులున్నాయని చెప్పారు. అవి బాలమణివి. భూమి ప్లాట్లయిపోగా, మిగిలిన పెరట్లో సిమెంటు రేకులతో ఆరు గదులు కట్టించుకుని, వాటి కిరాయి మీద బతికే ఒంటరి మనిషి. గడ్డం కింద పచ్చబొట్టు, చేతిలో ఎప్పుడూ తడి గుడ్డ.

"ఏ ఊరు కొడుకా?" అంది.

"పాడేరండీ. కొండల్లో."

"సల్లగుంటదా?"

"చాలా చల్లగా ఉంటుందండీ."

"ఇగ మర్చిపో. అండీ గిండీ గూడ బంద్ జేయి, నాకు పరాయిదాన్ని పిలిసినట్టుంటది. సగం కిరాయే ఇయ్యి. అండ్ల ఇంకో పిలగాడున్నడు, బిపిన్, ఒరిస్సా పిలగాడు. నైట్ డ్యూటీ. నువ్వొచ్చే యాళ్లకు పోతడు, నువ్వు పోయినంక వస్తడు. వాడు నీకు కనవడడు, నువ్వు వానికి కనవడవు. కొట్లాటే లేదు."

ఫ్యాక్టరీల దగ్గర అలా షిఫ్టుల వారీగా గది పంచుకోవడం మామూలేనని అప్పటికే విన్నాను. ఒప్పుకున్నాను. ఆమె సుద్దముక్క తెచ్చి నేల మీద నడిమధ్య గీత గీసింది. "వాని దిక్కు పండుకోకు. గంతే," అంది.

ఆ ఊళ్లో బతకడం ఆమే నేర్పింది. బోరు నీళ్లు రాత్రి పట్టి ఉంచి, అడుగున పసుపు మడ్డి దిగాక పైవి మాత్రమే బట్టలకు వాడమంది. పదకొండు కాకముందే కిటికీ మూసి, తడిపిన గోనెసంచి వేలాడదీయమంది. అంగడికి పొద్దు గూకేముందు వెళితే ఆకుకూర సగం ధరకు వస్తుందని, పొద్దున జొన్న గట్క తిని పోతే మెస్సు అన్నం మీద ఆశ ఉండదని చెప్పింది. ఫ్యాను వేసుకుని కూర్చుంటే, "అది తిరిగితే మీటర్ గూడ తిరుగుతది పేపరాయనా, రెండిట్ల ఒక్కదాన్నే తిప్పు," అని నవ్వేది. నెల తిరిగేసరికి నా జీతంలో కొంత ఇంటికి పంపగలిగాను. అది పూర్తిగా ఆమె పుణ్యం.

బిపిన్ మాత్రం కనబడలేదు. కానీ ఉన్నట్టు తెలిసేది. సాయంత్రం నేను వచ్చేసరికి గీతకు అవతల నేల తడిగుడ్డ పెట్టి తుడిచి ఉండేది. తీగ మీద అతని చొక్కా నీళ్లు కారుతుండేది. కంచం కడిగి బోర్లించి ఉండేది. డ్యూటీకి బూట్లు వేసుకుపోతాడేమో, అతని చెప్పుల జత ఒకటి గదిలోనే ఉండేది. పొద్దున నేను వెళ్లేటప్పుడు అవి గడప వైపు తిరిగి ఉండేవి. సాయంత్రానికి గోడ వైపు తిరిగి ఉండేవి. శుభ్రమైన మనిషి అనుకున్నాను. ఒకసారి మర్యాద కోసం గీతకు అవతల బిస్కెట్ ప్యాకెట్ పెట్టాను. వారం రోజులు అలాగే ఉంది. చీమలు కూడా పట్టలేదు.

మేలో ఒకరోజు జిన్నారం వెళ్లి ఎండదెబ్బ తిన్నాను. కళ్లు తిరిగి, మధ్యాహ్నమే ఆటో ఎక్కి గదికి వచ్చాను. నిద్రపోతున్న మనిషిని లేపకూడదని తలుపు మెల్లగా తోశాను. అవతలి సగంలో చాప పరిచి ఉంది. దిండు ఉంది. కాళ్ల దగ్గర దుప్పటి మడత ఉంది. మనిషి లేడు. బయటికి వెళ్లి ఉంటాడనుకుని నా వైపు వాలిపోయాను. పైన రేకులు ఎండకు టిక్కు టిక్కుమంటున్నాయి. ఎంతసేపు పడుకున్నానో తెలియదు. కిటికీలో ఎండ ఇంకా ఉండగానే తలుపు మీద చప్పుడైంది.

"బిపిన్, ఉఠ్ రే కొడుకా. బస్సొచ్చే యాళ్లయింది."

బాలమణి గొంతు. తరువాత నిశ్శబ్దం. నిద్రలోంచి మనిషి బదులు చెప్పడానికి పట్టేంత నిశ్శబ్దం.

"ఆఁ, ఆఁ. జల్దీ. డబ్బా ఈడ వెడుతున్న."

గడప మీద టిఫిన్ డబ్బా పెట్టిన చప్పుడు. నేను తల తిప్పి చూశాను. చాప ఖాళీగానే ఉంది. లేచి తలుపు తీశాను. ఆమె నన్ను కాదు, నా భుజం మీదుగా లోపలికి చూసింది.

"ఇయ్యాల జల్దొచ్చినవే," అంది.

నీళ్లు తాగించి, నుదుటి మీద తడిగుడ్డ వేసి, అప్పుడు చెప్పింది. నేను రావడానికి ముందు నెలలో, బిపిన్ పనిచేసే రసాయనాల కంపెనీలో రాత్రి షిఫ్టులో రియాక్టరు పేలింది. కొన్ని శరీరాలు ఎవరివో తేల్చలేని స్థితిలో దొరికాయి. బిపిన్ ఆ సాయంత్రం ఈమె చేతి డబ్బా తీసుకుని బస్సెక్కాడు. ఈమె చూసింది. కాంట్రాక్టరు మాత్రం అతను ఆ రాత్రి డ్యూటీకే రాలేదని, పని వదిలి పారిపోయాడని చెబుతున్నాడు.

"రూము ఖాళీ జేసిననుకో, వాండ్ల మాటే నిజమైతది. సామాన్ సర్దుకొని పోయిండంటరు. ఎదురుగ కిరాణం కాడ వాండ్ల మనిషి రోజు కూసుంటడు. వాడు వినాలె. అందుకే లేపుత, ఉతుకుత, తుడుస్త. పూరా కిరాయికియ్యలేను. సగమిస్తి. నా కడుపు గూడ నిండాలె గద."

"పోలీసులకు చెప్పలేదా?"

"చెప్పిన. నీ కొడుకా అన్నరు. కాదన్న. మరి నీకెందుకన్నరు."

"అతని ఇంట్లోవాళ్లకు?"

"వాని పెండ్లాంతోని ఫోన్ల మాట్లాడిన. నా హిందీ ఆమెకు రాదు, ఆమె మాట నాకు రాదు. ఒక్కటే సమజైంది. వాడు ఇంకోదాన్ని తీస్కపోయిండని ఆమెకు చెప్పిండ్రు. ఆమె ఏడుస్తలేదు కొడుకా. తిడుతున్నది."

"మరి నాకెందుకు అబద్ధం చెప్పావు పెద్దమ్మా, అతనున్నాడని?"

"అబద్ధమేంది? నీకు కనవడడు అని ముందే చెప్పలే? కనవడ్డడా?"

నవ్వాలో భయపడాలో తెలియలేదు. నీరసంగానే అడిగాను, చెప్పులు రోజూ ఎందుకు తిప్పి పెడుతున్నావని. ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"థూ. పరాయి మొగోని చెప్పులు నేనెందుకు ముట్టుకుంట?"

గుడ్డ మళ్లీ తడిపి నా నుదుటి మీద పరిచింది.

తరువాతి వారమే కాంట్రాక్టరు మనిషి ఆటో వెంటబెట్టుకుని వచ్చాడు. "అవ్వా, వాని సామానియ్యి. ఊరికి పంపిస్తం. పారిపోయినోని కోసం నువ్వెందుకు పరేషానైతవ్?" అన్నాడు.

"పారిపోయేటోడు చెప్పులిడిచి పోతడారా? డ్యూటీకని తీస్కపోయింది మీరు. మీరే తోల్కరాండ్రి. వాని చేతికే ఇస్త."

అతను నా వైపు తిరిగాడు. "నువ్వెవరన్నా?"

"ఈ గదిలో సగానికి అద్దెకున్నాను."

"ఇంకో సగంల ఎవరున్నరు?"

"బిపిన్," అన్నాను. నా నోటి వెంట అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

"ఎప్పుడన్న సూసినవా వాన్ని?"

"అతనిది నైట్ డ్యూటీ."

అతను గడప మీద చెయ్యి వేసి లోపలికి తొంగిచూశాడు. ఉతికిన చొక్కా కొసనుంచి గీతకు అవతల బొట్లు బొట్లుగా నీళ్లు పడుతున్నాయి. చూస్తూ చూస్తూ చెయ్యి తీసేశాడు. లోపల కాలు పెట్టకుండానే ఆటో తిప్పుకుని వెళ్లిపోయాడు. "పెద్ద మొగోడు, గడప దాటలే," అని బాలమణి వీధంతా వినేలా అంది.

మా ఆఫీసు క్యాంటీన్‌లో ఒక ఒరియా వంటవాడు ఉండేవాడు. అతన్ని బతిమాలి బిపిన్ భార్యతో ఫోనులో మాట్లాడించాను. ఎవరూ పారిపోలేదని, గది ఎలా ఉన్నదో అలాగే ఉందని, వచ్చి చూడమని చెప్పించాను. ఆమె నమ్మలేదు. అయినా పదిహేను రోజులకు మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. సుమిత్ర అని సన్నటి మనిషి. ఏదో తేల్చుకుపోవడానికి వచ్చినట్టు పళ్లు బిగించి ఉంది. బాలమణి ఆమెను గదిలోకి పంపి తను బయటే నిలబడింది.

సుమిత్ర చొక్కాలు ఒక్కొక్కటే ముఖానికి ఆనించి చూసింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. దువ్వెన చూసింది, కంచం చూసింది. ముఖం మారలేదు. చివరికి వంగి చెప్పులు చేతుల్లోకి తీసుకుంది. వాటి మీద అతని మడమలు, వేళ్లు దిగబడి లోతుగా గుంటలు పడి ఉన్నాయి. ఆ గుంటల్లో అరచేయి పెట్టింది. నెలల తరబడి తిట్టిన గొంతు ఒక్కసారిగా ఏడుపయింది. వరసలోని గదుల తలుపులన్నీ తెరుచుకున్నాయి. పక్క గది ఆడవాళ్లు ఓదార్చడానికి పరుగెత్తుకొస్తే బాలమణి చేతులు అడ్డం పెట్టింది.

"ఆపకుండ్రి. ఏడువనియ్యిండ్రి. ఇన్నొద్దులు దాసింది దీని కోసమే."

అప్పుడు అర్థమైంది నాకు. మనిషి బతికున్నట్టు ఆమె కాపాడిన గది, అతను చనిపోయాడని చెప్పడానికేనని. ఆ భార్యకు వదిలేసిన మొగుడు కాక, చనిపోయిన భర్త దక్కాలని. గది చూశాక మరిది ఊరుకోలేదు, ఆఫీసుల చుట్టూ తిరిగాడు. తమ్ముడిగా అతని రక్తం తీసి, ఎవరివో తేలని శరీరాల నుంచి దాచి ఉంచిన నమూనాలతో సరిచూశారు. సరిపోయింది. కాంట్రాక్టరు మాట వెనక్కి పోయింది. బిపిన్ పేరు చనిపోయినవాళ్లలో చేరింది.

వాళ్లు సామాను తీసుకుని వెళ్లిన మర్నాడే, "ఇగ నిండు కిరాయియ్యి," అంది బాలమణి. ఇచ్చాను. ఆ గదిలో మరో రెండేళ్లు ఉన్నాను కానీ అవతలి సగంలో ఏనాడూ పడుకోలేదు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో "పరారీ" అనే మాట నా చేతిమీదుగా చాలాసార్లు పోబోయింది. ఎవరో చెప్పారని ఆ మాట రాయను. ముందు ఆ మనిషి ఉన్న గదికి వెళతాను. కళ్లద్దాలు, బీపీ మాత్రలు, ఛార్జరు, ఏవి మిగిలాయో చూస్తాను. తాళం చెవి చేతికిచ్చి ఇంటి యజమానులు తొందరపెడుతుంటారు. నేను మాత్రం తలుపు కొట్టి, గడప బయట కాసేపు ఆగుతాను. లోపల ఎవరైనా ఉంటే లేచి కూర్చోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.