మరియమ్మ గారు కొట్టిన జోరీగ

ఈ రోజు పొద్దున్నే తూనీగల ఫోటోలు తీద్దామని ఆకివీడు దగ్గర కొల్లేటికి వెళ్ళాను. నేను ఏలూరు స్కూల్లో సైన్సు చెబుతాను. నాకు పురుగులంటే పిచ్చి, దోమలకు నేనంటే పిచ్చి. దోనె నడిపినావిడ మరియమ్మ గారు, అరవై దాటిన మనిషి.

సరిగ్గా కెమెరా మీట నొక్కేటప్పుడే ఏదో ఒక దోమ కుట్టడం, నేను ఉలిక్కిపడటం. ఇలాగే మధ్యాహ్నానికి, ఫోటో పడే గాజు ప్లేట్లలో ఒక్కటే మిగిలింది. అప్పుడు ఒడ్డున కిక్కిస గడ్డి మీద ఎర్ర తూనీగ వాలింది. కెమెరా నల్లగుడ్డలో తల దూర్చి ఫోకస్ చేస్తుంటే నా పిక్క మీద జోరీగ వాలి కుట్టడం మొదలుపెట్టింది. పళ్ళు బిగపట్టాను. చర్చిలో ప్రార్థనప్పుడైనా అంత కదలకుండా ఎన్నడూ నిలబడలేదు.

అంతలో పిక్క మీద ఫెడీమని దెబ్బ పడింది. నేను ఎగిరిపడ్డాను. కెమెరా ఊగింది. తూనీగ పోయింది.

“ఏవండీ, ఎంత పని చేశారండీ!” అని అరిచాను.

“రక్తం తాగేస్తుంటే చూస్తూ ఊరుకోమంటారా మాస్టారూ?” అంటూ ఆవిడ అరచెయ్యి చాపింది. అందులో చచ్చిన జోరీగ. “ఇదీ పురుగే కదండీ. పైగా ఎక్కడికీ పోదు. దీన్ని ఫోటో తీసుకోండి.”

కోపం పోయి నవ్వొచ్చింది. చివరి ప్లేటు దానికే వాడేశాను.

సాయంత్రం ఇంటికొచ్చి, తలుపులు బిగించి చీకట్లో ప్లేట్లు కడిగాను. తూనీగలన్నీ మసకే. జోరీగ మాత్రం కళ్ళూ రెక్కలూ, ఆవిడ అరచేతి గీతలతో సహా అద్దంలా వచ్చింది.

పురుగుని పట్టింది ఆవిడ. రక్తం ఇచ్చింది నేను. ఫోటో కింద ఎవరి పేరు రాయాలో మీరే చెప్పండి.