ఇరవై అడుగుల బిరుదు

తెలుగువాళ్లు ఎక్కడైనా ముగ్గురు కలిస్తే ఒకరికి శాలువా కప్పుతారు, ఇంకొకరు మైకు పట్టుకుంటారు, మూడోవాడు ఫోటో తీస్తాడు. మస్కట్‌లో అల్ మవాలే అనేచోట ఒక బోర్డుల దుకాణంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తూ నేను ఈ మూడు పనులూ ఒంటిచేత్తో చేయగలిగే స్థితికి వచ్చాను. ఫ్లెక్సీల మీద అక్షరాలు పెద్దవి చేసీ చేసీ నా మాట కూడా ఆ సైజుకే అలవాటు పడింది. చీమ గురించి చెప్పమన్నా ఏనుగు కొలతలోనే చెప్తాను. కాబట్టి ఈ కింద కొలతలు కనిపించిన చోటల్లా సగానికి తగ్గించి చదువుకోండి. జరిగినదాన్ని మాత్రం తగ్గించకండి.

మా కంపెనీకి ఒక మందూబ్ ఉండేవాడు. మందూబ్ అంటే కాగితాల మనిషి. వీసాలు, కార్డులు, ముద్రలు, సర్కారు ఆఫీసుల్లో కౌంటర్ల ముందు నిలబడటం, ఇదీ ఆయన డ్యూటీ. ఒమనీ. అరవై దగ్గర పడ్డాయి. మామూలు టేపుతో కొలిస్తే ఆరడుగుల మూడంగుళాలు, నా టేపుతో ఎనిమిదడుగులు. నిగనిగలాడే నల్లటి మొహం, దానికింద పాదాల దాకా కళ్లు చెదిరే తెల్లటి దిష్‌దాషా. ఆయన దుకాణంలోకి వస్తే ముందు ఊదు వాసన వచ్చేది, తర్వాత దగ్గు వచ్చేది, ఆ తర్వాత తీరిగ్గా మనిషి వచ్చేవాడు. ఆయన కౌంటర్ ముందు నిలబడి ఒక్కసారి దగ్గితే స్టాంపు దానంతటదే లేచి కాగితం మీద పడుతుందని మావాళ్ల గట్టి నమ్మకం.

ఒకసారి జగిత్యాల నుంచి కొత్తగా దిగిన మేస్త్రీ ఒకాయన ఈ మనిషిని ఎగాదిగా చూసి, ఈయన కూడా మనలాగే బయటి నుంచి పనికొచ్చినవాడే అనుకున్నాడు. వచ్చీరాని హిందీలో పలకరించాడు. ఇద్దరి హిందీనీ నేనిక్కడ తెలుగు చేస్తున్నాను.

“ఏ దేశం నుంచి వచ్చినవ్ సాబ్?”

“నేను కాదు, మా ముత్తాత బయల్దేరాడు. ఆఫ్రికా నుంచి.”

“కంపెనీ వీసానా, ఎవరి దగ్గరన్న పనిచేసుకునే ఆజాద్ వీసానా?”

“ఆజాద్ కాదు” అన్నాడు మందూబ్ చాలా గంభీరంగా. “పక్కా కంపెనీ.”

“టికెట్?”

“వాళ్లే పెట్టుకున్నారు. పడవ.”

“రూమ్, తిండి?”

“అన్నీ వాళ్లవే.”

“మరి కాంట్రాక్టు ఎన్నేండ్లు?”

“చివరి తేదీ వేయడం మరిచిపోయారు.”

మేస్త్రీ కాసేపు ఆలోచించి, “మంచి కంపెనీయే దొరికింది సాబ్” అని తేల్చాడు. మందూబ్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, “నీకు తిరుగు టికెట్ ఉంది కదా, దాన్ని జాగ్రత్తగా దాచుకో” అని మేస్త్రీ భుజం తట్టాడు.

ఆయన ముత్తాతని చిన్నప్పుడే పట్టుకుని జాంజిబార్ సంతలో అమ్మారట. కొన్నవాళ్లు ఒమన్ నుంచి వెళ్లి అక్కడ లవంగం తోటలు పెట్టిన అరబ్బులు. తర్వాతి తరాలు ఆ కుటుంబాల వెంటే మస్కట్ చేరాయి. పేరు చివరనున్న తెగ పేరు కూడా ఆ యజమానులదే. ఇదంతా ఆయన నాకు టీ తాగుతూ చెప్పాడు, ఎవరో పక్కింటివాళ్ల సంగతి చెప్తున్నట్టు.

ఆయన రిటైర్ అవుతున్నాడన్న వార్త ముందు ఎవరి ఫోన్‌కి వచ్చిందో గాని, మా దుకాణానికి మోసుకొచ్చింది మాత్రం గోదావరి అక్క. ఆమె అల్ హైల్‌లో ఒక ఒమనీ ఇంట్లో పనిచేస్తుంది. ఇంతకు ముందున్న ఇంటివాళ్లు ఊరికి పంపకుండా ఆపేసినప్పుడు ఈ మందూబ్ ఆమెతో నాలుగు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆమె మా కంపెనీ మనిషి కూడా కాదు.

“ఉత్తి చేతుల్తో పంపేస్తారేంటండీ ఆయన్ని?” అంది వస్తూనే. “సన్మానం చెయ్యాలండి. గారెలు నావి. మిగతాది మీ ఇష్టం.”

సన్మానమంటే ఏమిటో మందూబ్‌కి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు అరగంట పట్టింది. అర్థమయ్యాక ఆయన ఒక్కటే అడిగాడు: “ఒక అతిథిని తీసుకురావచ్చా?”

నర్సుగా పనిచేస్తున్న ఆయన చిన్న కూతుర్ని చేసుకుంటానని ఒక అబ్బాయి ముందుకొచ్చాడు. అబ్బాయి తండ్రి సరేనన్నాడు. అబ్బాయి పెదనాన్న మాత్రం ‘వీళ్లు ఎవరి వాళ్లు?’ అన్న ఒక్క ప్రశ్న దగ్గర, అంటే తెగలో పుట్టినవాళ్లా, తెగ కొన్నవాళ్లా అన్న దగ్గర ఆగిపోయాడు.

“ఆ పెదనాన్నని తీసుకొస్తాను” అన్నాడు మందూబ్. “ఇంతమంది నాకు మర్యాద చేస్తుంటే కళ్లారా చూస్తాడు. ఆ ప్రశ్న మరిచిపోతాడేమో.”

“అమ్మాయి ఏమంటున్నది?”

“ఆ అబ్బాయినే చేసుకుంటానంటోంది. అబ్బాయి పెదనాన్న మాట దాటనంటున్నాడు. ఇంకేముంది, మీ శాలువా మీదే ఉంది అంతా.”

తెలుగు శాలువా మీద ఇంత భారం ఎప్పుడూ పడి ఉండదు. ఆ రోజు నుంచి నేనూ, నాతో దుకాణంలోనూ రూమ్‌లోనూ ఉండే కడప భాయూ నిద్రాహారాలు మాని, అంటే నిద్ర మాత్రమే మాని, బిరుదు కోసం వెతికాం. ఒట్టి శాలువా కప్పితే అది చలికి కప్పినట్టుంటుంది. బిరుదు ఉండాలి. భాయ్‌ ఇంట్లో దక్కనీ, పోట్లాటలో తెలుగు మాట్లాడే మనిషి. ఉర్దూ విషయంలో మా రూమ్ మొత్తానికి ఆయనే సుప్రీంకోర్టు.

“ప్రజాసేవకుడు అని ఎయ్యన్నా” అన్నాడు.

“అరబ్బీలో ఏమంటరు?”

“ఖాదిమ్. దాంట్లో ఎంత అదబ్, ఎంత మర్యాద ఉండాదో నీకేం తెల్సు? మా నాయన ఉత్తరం రాస్తే కింద ‘ఆప్‌కా ఖాదిమ్’ అని పెట్టే సంతకం చేస్తాండె. పక్క దేశంలో రాజుగారి బిరుదులో కూడా అదే మాట ఉండాది. ఇంగ నీకేం కావాల?”

నాకేం అక్కర్లేకపోయింది. మా నిజామాబాద్‌లో ఏ సెంటర్‌కి వెళ్లినా ప్రజాసేవకుడు కానివాడి ఫ్లెక్సీ ఒక్కటీ కనబడదు. కిందపడ్డ తన చేతిరుమాలు తాను తీసుకోనివాడు కూడా అక్కడ చేతులు జోడించి సేవకుడిగానే నిలబడి ఉంటాడు. ‘ఖాదిమ్ అల్ జమీ’, అందరి సేవకుడు. ఇరవై అడుగుల ఫ్లెక్సీ, నాలుగు మూలలా బంతిపూలు. ‘ఖాదిమ్’ ఒక్కటే ఎంత పెద్దదంటే, మస్కట్‌లో దిగే విమానాల పైలట్లు చదువుకుని ఉంటారు. మందూబ్‌ని ఆశ్చర్యపరచాలని ముందుగా ఏ ఒమనీకీ చూపించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అల్ హైల్‌లో ఒక హోటల్ పై హాల్లో దాన్ని గోడకి కట్టించాం. కట్టింది పరంజాలు కట్టే మనుషులు. ఓడని రేవుకి కట్టినట్టు అరవై ముళ్లు వేసి పోయారు. అతిథులు రావడానికి గంట ఉందనగా గోదావరి అక్క గారెల బేసిన్ మోసుకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఆమెకి అరబ్బీ చదవడం రాదు, వినడం మాత్రం నాకంటే పది రెట్లు వచ్చు.

“ఏం రాశారండీ?”

నేను రాగయుక్తంగా చదివి వినిపించాను. ఆమె బేసిన్ కింద పెట్టింది.

“ఆ మొదటి మాట మళ్లీ అనండి.”

“ఖాదిమ్.”

“ఆ మాటెందుకు రాశారండీ బాబూ? మా ఇంట్లో ముసలి మామా, అదేనండి పెద్ద యజమానురాలు, పెళ్లి మాటలప్పుడు గొంతు తగ్గించి అంటదండి దాన్ని. ‘వాళ్లు ఖాదిమ్‌లు, పిల్లనివ్వకూడదు, పిల్లని తేకూడదు’ అని. బానిసలుగా కొని తెచ్చినోళ్ల సంతతని అర్థమండి.”

“మరి నిన్నేమంటరు?”

“నన్ను షగ్గాలా అంటారండి. పనిమనిషి. నేను రెండేళ్లకి విమానమెక్కితే నా మీంచి ఆ మాట దిగిపోద్ది. అది దిగేది కాదంటండి. మనవలక్కూడా దిగదంట.”

భాయ్‌ మెట్ల మీద కూలబడ్డాడు. “అయితే మా నాయన యాభై ఏండ్లు ఏమని సంతకం పెట్నాడన్నా?”

ఆయన తండ్రి సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఇక్కడ ఒక అమ్మాయి పెళ్లి ఉంది. కూతురి పెళ్లి కోసం మందూబ్ పెదనాన్నని పిలిస్తే, ఆయన ఆగిపోయిన ప్రశ్నకి జవాబు మేమే ఇరవై అడుగుల్లో బంతిపూలతో రాసి గోడకి కట్టాం. ముళ్లు విప్పడానికి గంట చాలదు. కోసేస్తే వెనక పెచ్చులూడిన గోడ. నేను వ్యాన్‌లోంచి తెల్ల వినైల్ చుట్టా, నల్ల వినైల్ చుట్టా, కట్టరూ తెచ్చాను. బల్ల మీద కుర్చీ, కుర్చీ మీద నేను. పైకెక్కి చూస్తే ‘ఖాదిమ్’లో చివరి రెండక్షరాలు కప్పేసి, వాటి స్థానంలో ఒక్క ‘లామ్’, అంటే అరబ్బీ ‘ల’, నిలబెడితే చాలని తట్టింది. ‘ఖాల్’ అవుతుంది. మేనమామ. అందరి మేనమామ.

కింది నుంచి కుర్చీ పట్టుకున్న అక్క, “చాలా బాగుందండి. మేనమామ లేకుండా పెళ్లేంటండి అసలు” అంది.

లామ్ మసీదు మినార్ ఎత్తున వచ్చింది. అంటించి నేను కిందికి దిగడం, కింద కారు తలుపు పడటం ఒక్కసారే జరిగాయి.

ముందు మందూబ్ వచ్చాడు. ఫ్లెక్సీ వైపు చూశాడు, చూడాల్సిన దానికంటే ఒక్క క్షణం ఎక్కువ చూశాడు. వెనకే పెదనాన్న. పొట్టిగా, బిగుతుగా, చేతిలో సన్నటి కర్ర. నిలబడి చదివాడు.

“మేనమామ ఎందుకు?” అని నన్నడిగాడు.

నేను అక్క వైపు చూశాను. “చెప్పండి, పెళ్లికూతుర్ని గంపలో కూచోబెట్టి పీటల మీదికి మోసుకొచ్చేది మేనమామేనండి అని” అంది ఆమె. దాన్ని నేను అరబ్బీలోకి దింపాను. నా అరబ్బీలో గంప కాస్తా కూరగాయల బుట్ట అయింది, పెళ్లికూతురు బహుశా వంకాయ అయి ఉంటుంది. పెదనాన్న కర్ర నేలకి తాటించి మరీ నవ్వాడు. నవ్వుతూ మందూబ్ వైపు తిరిగి, “మ్జోంబా” అన్నాడు.

అది స్వాహిలీ. మేనమామ అనే అర్థం. పెదనాన్న పుట్టింది జాంజిబార్‌లోనేనట. అక్కడి అరబ్బుల పిల్లలు ముందు ఆయాల ఒళ్లో స్వాహిలీ నేర్చి, తర్వాత పంతులు బెత్తం కింద అరబ్బీ నేర్చేవారట. మందూబ్ ఇంట్లోనూ అదే భాష. ఇక ఆ ఇద్దరూ మొదలుపెట్టారు. సన్మాన సభ పక్కకి పోయింది. మైకు దగ్గర నేను చేసిన ఉపన్యాసం నేనే విన్నాను. శాలువా కప్పుతుంటే మందూబ్ మెడ మాత్రం ఇటు తిప్పి, మాట అటే కొనసాగించాడు. పెదనాన్న గారెలు పదిహేడు తిన్నాడు. ఇక్కడ సగానికి తగ్గించనక్కర్లేదు, అక్క లెక్కపెట్టింది. ఒక దగ్గర ఆ పెద్దమనిషి కళ్లు తుడుచుకోవడం కూడా మేం చూశాం. వెళ్లేటప్పుడు మందూబ్ చేతిని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

“అయిపాయనన్నా పెండ్లి” అన్నాడు భాయ్‌, మిగిలిన గారె కొరుకుతూ. “నాలుక కలిసినాక ఇంగేముండాది.”

మూడు రోజుల తర్వాత మందూబ్ మా దుకాణానికి వచ్చాడు. దగ్గు రాలేదు, మనిషే వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాక నేను టీ ఇచ్చాను.

“వద్దన్నారు” అన్నాడు.

“అంత బాగ మాట్లాడిండు కదా?”

“అందుకే. అరబ్బీలో అయితే మర్యాదగా రెండు మాటలు మాట్లాడుకుని విడిపోయేవాళ్లం. స్వాహిలీలో అన్నీ వచ్చేశాయి. మామిడిపళ్లు, వాన, లవంగాలు ఎండబెట్టే వాసన. అలా మాటల్లో అడిగాడు, ఏ తోట అని. చెప్పాను. ఆ తోట అతనికి తెలుసు. అప్పుడు అడిగాడు, తోట మీ సొత్తా, మీరే తోట సొత్తా అని.”

“మీరేమన్నరు?”

“అది మా అమ్మ నేర్పిన భాష. అందులో అబద్ధం చెప్పడం నాకు రాదు.” టీ ఒక గుక్క తాగాడు. “అతను ఏడ్చింది నిజమే. చేయి పట్టుకున్నదీ నిజమే. ఇంటికి వెళ్లి వద్దన్నాడు, అదీ నిజమే. అబ్బాయి నిన్నటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.”

“అమ్మాయి?”

“డ్యూటీకి వెళ్లింది.”

ఆయనే మళ్లీ అన్నాడు: “ఆ స్టిక్కర్ కింద ఏముందో నేను చదివాను. వినైల్ పల్చగా ఉంది.”

నేను లేచి నిలబడ్డాను. ఆయన చేత్తో కూర్చోమన్నాడు.

“తప్పు పట్టడానికి రాలేదు. ఈ మూడు రోజులూ దాని గురించే ఆలోచించాను. ఆ మాటని మా దగ్గర గొంతు తగ్గించి అంటారు. మీరు దానికి పూలు పెట్టి, అంత పెద్దగా రాసి, కింద నా పేరు వేశారు. అంటే మీ దేశంలో ఆ మాట ఎవరికీ తగల్లేదన్న మాట. పిల్లనిచ్చేటప్పుడు వెనక్కి తిరిగి ముత్తాతలని చూడటం, ఇలాంటివి మీ దగ్గర లేవు. కదా?”

మా చెల్లెలి కొడుక్కి సంబంధాలు చూస్తున్నాం. ఆ పొద్దున్నే ఒక పెళ్లిళ్ల గ్రూపులో వాడి వివరాలు పెట్టింది నేనే. ‘కులపట్టింపు లేదు’ అని ఎంతో ఉదారంగా రాశాను. పది నిమిషాల్లో చెల్లెలు ఫోన్ చేసి కడిగేసింది. దాంతో పక్కనే బ్రాకెట్‌లో రెండు కులాల పేర్లు వేసి, ‘మినహా’ అని చేర్చాను. అక్షరాలు చిన్నవి చేసే వీలు ఆ ఫోన్‌లో లేదు, ఉంటే చేసేవాణ్ణి.

మందూబ్ జవాబు కోసం చూస్తున్నాడు.

“మాఫీ” అన్నాను.

ఇక్కడి అరబ్బీలో ఆ మాటకి ‘లేదు’ అని అర్థం. వెనక బల్ల దగ్గర అక్షరాలు కోస్తున్న భాయ్‌కి మా అరబ్బీ సంభాషణలో అర్థమైంది అదొక్కటే, అదీ ఆయన ఉర్దూలో. నేను క్షమాపణ అడుగుతున్నాననుకుని కట్టర్ కింద పెట్టి, రెండు చేతులూ జోడించి ముందుకొచ్చాడు. ఆ బిరుదు సూచించింది తనే కదా.

“మాఫీ సాబ్” అన్నాడు తలదించుకుని. “మాఫీ, మాఫీ.”

ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పాక మందూబ్‌కి ఇంక అనుమానం మిగల్లేదు. తల ఊపి, గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

“అమ్మాయికి చెప్తాను” అన్నాడు. “అలాంటి దేశం ఒకటుందని వింటే కాస్త తేలికపడుతుంది.”