సత్యవేడు దాకా ఒక్క ఊపిరి

మా ఎదురింటి కండక్టరు మామ పోయిన బుధవారం కన్నుమూశారు. మధ్యాహ్నం భోంచేసి, మజ్జిగలో ఉప్పు తక్కువైందని అత్తను ఆటపట్టించి, నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదు. తిరుపతి నుంచి సత్యవేడు పోయే బస్సు ఎప్పుడైనా ఎక్కి ఉంటే తప్ప మీరెవరూ ఆయన్ని ఎరిగి ఉండరు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయనకు నలభై ఏళ్లుగా ఉబ్బసం. పోయింది మాత్రం దాంతో కాదు, గుండె ఆగి. వచ్చి చూసిన డాక్టరు ఆ మాట చెప్పగానే అత్త ఏడుపులోనే నవ్వింది. "ఆయాసం మింద గెలిచే పోయినాడు" అనింది.

ఆ గెలుపు ఒక తప్పుతో మొదలైంది. గంగజాతరలో ఏటా వేషం కట్టే మొక్కు ఆయనది. ఒంటికి బొగ్గుపొడి పూసుకుని, వేపమండలు కట్టుకుని, ఎదురైనవాళ్లను నోరారా తిట్టుకుంటూ గుడికి పోవాలి. తిట్లు తిన్నవాళ్లు తమకు మంచి జరుగుతుందని సంబరపడతారు. గుడి చేరేదాకా ఒక్కపొద్దు, మంచినీళ్లు కూడా ముట్టకూడదు. మరి ఆయాసానికి నోట్లో పెట్టుకుని పీల్చే మందు పంపు? అదీ ఎంగిలే కదా అనుకుని, మామ ఒక ఏడు దాన్ని దేవుడి గూట్లో పెట్టి బయల్దేరారు. ఎండ, బొగ్గు, సాంబ్రాణి పొగ. బజారులో ఒక బట్టల కొట్టు షావుకారును తిడుతూ తిడుతూ సగంలో ఆగిపోయారు. మిగతా సగం కోసం షావుకారు కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడట. తర్వాత ఆటో పిలిచి ఆస్పత్రిలో చేర్చిందీ ఆయనే.

అక్కడి డాక్టరమ్మ జాతర మానుకోమనలేదు. ఆయన రోజు ఎలా గడుస్తుందో అంతా అడిగి తెలుసుకుని, గొట్టంలో ఊది ఊపిరి కొలుచుకునే పద్ధతి చూపించింది. మామ తన దగ్గర ఇంకో కొలత కూడా ఉందన్నారు. వడమాలపేట, పుత్తూరు, నారాయణవనం, పిచ్చాటూరు, నాగలాపురం, వీటి నడుమ చిన్నాచితకా ఊళ్లు కలిపి ఇరవైకి పైగా స్టాపులు. బాగున్న రోజు సత్యవేడు దాకా ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు. ఆమె నవ్వి, గొట్టం లెక్క పక్కనే దాన్నీ రాసింది.

అలా తయారైన కాగితం వాళ్ల తలుపు వెనక మూడు రంగుల్లో ఉండేది. సత్యవేడు చేరితే పచ్చ: రెండు పూటలా వాడే పంపు వాడుకుని హాయిగా తిరగొచ్చు. నారాయణవనంలో ఆగితే పసుపు: ఆయాసం వచ్చినప్పుడు వాడే నీలం పంపు పీల్చి, కూర్చుని, డాక్టరమ్మకు ఫోను చేయాలి. వడమాలపేట దాటకపోతే ఎరుపు: నీలం పంపు పీలుస్తూనే ఆస్పత్రికి, ఎవర్నీ అడగక్కర్లేదు. అడుగున మామ తన చేత్తో రాసుకున్నారు: "జాతరకు బొగ్గు వద్దు, తడి నామంకొమ్ము. మందుకు ఎంగిలి లేదు." ఆ చివరి మాట అత్తది. ఊపిరి పీల్చుకుంటే కోప్పడే తల్లి ఏ లోకంలో ఉంటుందని అడిగిందట. మరుసటి ఏడు నుంచి మామ ఒళ్లంతా ఆ నామంకొమ్ము తెల్లమట్టి పూసుకుని బైరాగి వేషం కట్టారు, పంపు మొలకు కట్టుకుని. ఆ షావుకారుకు బాకీపడ్డ తిట్టు ముందు తీర్చారు.

మూడేళ్ల క్రితం మా పాపకూ ఇదే జబ్బని తేలింది. దుమ్మని, చలిగాలని, బిడ్డను బడికి తప్ప గడప దాటనివ్వలేదు. అలవాటైపోతుందని పంపు కూడా ఆయాసం వచ్చినప్పుడే ఇచ్చేవాణ్ని. మామ ఒక సాయంత్రం వచ్చి నన్ను కూర్చోబెట్టారు.

"బండి బాగా పోతా ఉండేటప్పుడే ఆయిలు సూసుకోవాలప్పా. ఆగిపోయినాక సూస్తే తోసుకోవాల్సిందే."

మరుసటి రోజే పాపను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. మామ స్టాపులు పాపకు పనికిరాలేదు. అది క్లాసు లీడరు, హాజరు పట్టీ మొత్తం దానికి కంఠతా వచ్చు. ఆ పేర్లే దాని కొలత అయ్యాయి. ఇంటికొచ్చాక మామా పాపా రంగు పెన్సిళ్లు ముందేసుకుని కూర్చుని కాగితం రాశారు. పచ్చలో ఖోఖో రాయాలని పాప పట్టు. డాక్టరమ్మ కూడా ఆడొచ్చనే చెప్పింది. వద్దన్నది నేను. మూడేళ్లుగా పాప గేటు పట్టుకుని ఊళ్లో పిల్లల ఆట చూస్తూనే ఉంది.

ఆయన పోవడానికి ముందురోజు కూడా నన్ను అడిగారు. బడిలో జట్టు కడుతున్నారని, పాప పేరు ఇవ్వాలని.

"పచ్చలో ఆట లేకపోతే ఆ కాయితం యాడికప్పా? ఊరికే కూర్సోడానికా బిడ్డ ఇన్ని మందులు పీలస్తా ఉండేది?"

చూద్దాం మామా అన్నాను. ఆయనతో నేనన్న ఆఖరి మాట అదే కావడం నాకు సిగ్గుగా ఉంది.

మొన్న పచ్చలో ఖోఖో అని నేనే రాశాను. నిన్న సాయంత్రం బడి మైదానంలో ప్రహరీగోడ పక్కన నిలబడ్డాను. "ఖో" అని వీపు తట్టగానే పాప లేచి పరిగెత్తింది. స్తంభం చుట్టూ తిరిగింది, ఒకర్ని పట్టుకుంది, ఇంకొకరి వెంట పడింది. దాని పంపు నా జేబులో ఉంది, నా చెయ్యి దాని మీదే ఉంది. తీయాల్సిన పని పడలేదు. ఆట ముగిశాక ఎర్రమట్టి కొట్టుకున్న మోకాళ్లతో పాప నా దగ్గరికి వచ్చి, కంగారుగా మంచినీళ్ల సీసా నాకే అందించింది. అరిచి అరిచి, గోడ పట్టుకుని రొప్పుతున్నది నేను.