బీలలో పాతిన కర్రలు

కార్తీకమాసం, ఆఖరి ఆదివారం, ఉదయం పదిన్నర. పెద్దబీల పార్కు.
హాజరు: నేను, నా భార్య వరలక్ష్మి, మా బావ సత్యనారాయణ.
రావలసి ఉండి రానివారు: లేరు.

డైరీలో ఇంతవరకు రాసి జేబులో పెట్టుకుని, నీళ్ల మీద కట్టిన చెక్కబాట ఎక్కాను. పాతిక అడుగులు నడిచానో లేదో కాలి కింద పలక కుంగింది. సందులోంచి నల్లటి బురద బుడగలా ఉబికి పగిలింది. కుళ్లిన తుంగ, తడిసిన ఇనుము కలిసిన వాసన. నేను అక్కడే ఆగిపోయాను.

“ఏటి బావా, ఈ కంపుకే నిలబడిపోనావు? అల్లక్కడ గూడబాతులు సూడు, ఎన్నున్నాయో!” అన్నాడు మా బావ. హెడ్మాస్టరుగా రిటైరైనా పిల్లల్ని విహారయాత్రకు తీసుకొచ్చినవాడిలా అందరికంటే ముందు నడుస్తాడు.

చూశాను. చెరువు మధ్యలో రెల్లు దిబ్బల మీద గూడబాతులు సంచుల్లాంటి ముక్కులు వేలాడేసుకుని కూర్చున్నాయి. ఎర్రకాళ్ల కొంగలు లోతులేని చోట నిలబడి ఉన్నాయి. దీన్ని జాతీయ పార్కు చేయాలని కొందరు అడుగుతున్నారని, ఈ చెరువు ఒకప్పుడు ఇంతకు నాలుగింతలు ఉండేదని పక్కనే ఆగిన పడవలోని కుర్రవాడు చెబుతున్నాడు. ఎన్నింతలు ఉండేదో నాకు తెలుసు. నీరూ కాని, నేలా కాని చిత్తడిని మావైపు బీల అంటారు. ఈ బీలను గొలుసుతో కొలిచినవాళ్లలో నేనొకణ్ణి. కొలవడం నేర్పింది ఏసుదాసు గారు.

నరసన్నపేట అవతల పల్లెలన్నిటికీ ఆయనే సీనియర్ సర్వేయరు. బాప్టిస్టు చర్చి కుటుంబం. సన్నగా, నల్లగా, గొడుగు కర్రలా నిటారుగా ఉండేవారు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. చీపురుపల్లి నుంచి ఉద్యోగంలో చేరడానికి వచ్చిన మొదటి రోజు నా దస్తూరి చూసి, “పెళ్లి శుభలేకలు రాయడానికి బాగుంటాది” అన్నారు. అంతే.

చేరిన వారానికే నన్ను బీలకు తీసుకువచ్చారు. మాతో గొలుసు పట్టడానికి కూర్మన్న అనే మనిషి ఉండేవాడు. బీల గట్టు పల్లెవాడు, ఇక్కడే చేపలు పట్టి బతికేవాడు. నాకంటే మూడు నాలుగేళ్లు పెద్ద. ఎదురుగా పచ్చిక తివాచీలా పరుచుకుని ఉంటే నేను వాళ్లకంటే ముందు నడిచాను. నాలుగో అడుగుకు మొలలోతు దిగిపోయాను. కూర్మన్న వెదురుగడ అడ్డంగా వేసి లాగాడు. ఏసుదాసు గారు గొడుగు కూడా ముడవలేదు.

“పచ్చగా ఉన్నాదని నమ్మీసావేటి?” అన్నారు. “ఊరికే నవ్వకురా కూర్మన్నా. ఈడు సదువుకున్నోడు, ఇంకో రెండుమాట్లు దిగితే గానీ తెలీదు.”

ఆ రోజు బీల అంచున ఆరు కర్రలు పాతాం. కర్ర నిలిచిన చోటు గట్టినేల, దిగిన చోటు బీల. పటంలో గీత అలాగే గీయాలి. సాయంత్రానికి ఆరూ నిటారుగా ఉన్నాయి. నేను ఫీల్డుబుక్కులో తేదీ, వచ్చినవాళ్ల పేర్లు, కొలతలు రాసి, కింద గీత గీసి సంతకం పెట్టాను. ఆయన కలం తీసుకుని నా గీతను కొట్టేశారు.

“నాలుగు వరసలు కాళీ వొదిలీ. రేపు పొద్దున్న వచ్చి సూసి, అప్పుడు రాసి మూసీ.”

“కర్రలు గట్టిగానే ఉన్నాయి కదండీ.”

“బీలలో పాతిన కర్ర సందలేళ నిజం సెప్పదురా నాయుడూ. రాత్రల్లా నీరు దాని మొదల్ని తింటాది.”

మర్నాడు చూస్తే ఆరింట్లో మూడు జానెడు చొప్పున దిగి ఉన్నాయి. ఆయన పుస్తకం నా వైపు జరిపారు. ఆ మూడూ నా చేతే రాయించి, కింద కూర్మన్న చేత సాక్షిగా వేలిముద్ర వేయించారు. ఆ తరువాత నాలుగేళ్లు అదే పద్ధతి. ‘రావలసి ఉండి రానివారు’ అన్న వరస కూడా ఆయన పెట్టిందే. “వచ్చినోళ్లని అందరూ రాస్తారు. రానోడెవడో రాస్తే గానీ సంగతి తెలీదు” అనేవారు. ఇంటి దగ్గర నా సొంత డైరీ కూడా అలాగే రాయడం మొదలుపెట్టాను. ఏ రోజు సంగతీ ఆ రోజే ముగించను. నాలుగు వరసలు వదిలి, మర్నాడు పొద్దున్న కాఫీ తాగాక నింపుతాను. యాభై ఏళ్లు కావస్తున్నాయి. నా పెళ్లి రోజుకూ అంతే, మా అమ్మ పోయిన రోజుకూ అంతే. ఒక్క రోజుకు మాత్రం నింపలేదు.

ఆ రోజు వైశాఖ మాసంలోది. బీల చుట్టూ ఉన్న నేలను ఒక కర్మాగారానికి ఇవ్వాలని పైన అనుకున్నారు. అది ఎందుకూ కొరగాని గట్టి బంజరని మేం కొలిచి చూపించాలి. ఏడాది మొత్తంలో నీరు బాగా తీసే రోజులు చూసి మరీ పంపారు. పన్నెండు కర్రలు పాతాం. పొద్దు వాలేసరికి జీపులో ఒక అధికారి వచ్చాడు. అతని పేరు నాకు గుర్తుంది, ఇక్కడ రాయను. పన్నెండూ నిలబడే ఉన్నాయి కాబట్టి సంతకం పెట్టమన్నాడు.

“రేపు పొద్దున్న ఎనిమిదింటికి సూసి పెడతానండి” అన్నారు ఏసుదాసు గారు. “ఒక్క రాత్రి.”

“రాత్రిలో ఏం మారుతుందయ్యా? నేల పారిపోతుందా?”

“పారిపోదండి. దిగిపోతాది.”

కూర్మన్న ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుతో అధికారి ముఖం కందిపోయింది. కాగితం నా వైపు తిప్పి, “నువ్వూ సర్వేయరువే కదా?” అన్నాడు. ప్రమోషన్ల జాబితా ఆ నెలలోనే వెళ్లవలసి ఉంది. అందులో నా పేరు ఉందని ముందు రోజే విన్నాను. జీపు బానెట్ వేడిగా ఉంది. దాని మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాను.

ఏసుదాసు గారు తిట్టలేదు. దగ్గరకు వచ్చి కాగితం చూశారు. “తేదీ ఎయ్యరా. నాను నేర్పింది అదొక్కటైనా మానీకు” అన్నారు. జీపు వెళ్లిపోయాక కర్రల వైపు చూస్తూ, “పొద్దున్న వస్తావేటి?” అని అడిగారు.

“వస్తానండి” అన్నాను.

రెండు నెలల్లో ఆయన్ని కొండల మీదకు బదిలీ చేశారు. మాట వినని ఉద్యోగి అని రాశారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. నాకు ప్రమోషన్ వచ్చింది. బీలలో ఎర్రమట్టి పోశారు, షెడ్లు లేచాయి, మూడేళ్లకు గోడలు బీటలిచ్చి నేల కుంగింది. కర్మాగారం వాళ్లు ఇనుము విప్పుకుని వెళ్లిపోయారు. మట్టి మిగిలింది. దాని కింద చేపలు గుడ్లు పెట్టే చోటు పోయింది, పల్లెలో సగం మంది వలలు అటకెక్కించి కూలికి పోయారు. ఇవన్నీ నేను వేరే కుర్చీల్లో కూర్చుని విన్నాను. ఏసుదాసు గారు పోయిన సంగతి చర్చి గోడకు అంటించిన కాగితం చూసి తెలుసుకున్నాను. అప్పటికి సమాధి కార్యక్రమం అయిపోయి రెండు రోజులైంది. కాకపోయినా వెళ్లేవాణ్ణి కాదేమో.

పార్కు నుంచి బయటికి వస్తుంటే గేటు పక్కన తేగలు అమ్ముతున్న ముసలాయన నా వైపు తలెత్తి చూశాడు.

“ఏటి బాబూ, కర్రలు సూడ్డానికి వచ్చినారేటి?”

కూర్మన్న. పళ్లు లేవు, గొంతు అదే. మా ఆవిడ తేగలు బేరమాడబోతే చేత్తో ఆపాను.

“బాగున్నావా కూర్మన్నా?” అన్నాను.

“బాగుండక ఏటి? నా సెరువుకి నానే గేటు కాడ కూకున్నాను. మీరు టిక్కెట్టు కొనుక్కుని సూసీనారు. ఇద్దరికీ బాగానే ఉన్నాది.” ఒక తేగ తుంచి నా చేతిలో పెట్టాడు. “ఆ మర్నాడు మీ సైకిలు సెక్రాల జాడ సూసినాం బాబూ, నానూ ఏసుదాసుబాబూ. గట్టు దాకా వచ్చి, ఎనక్కి తిరిగీసినాది.”

మా బావ నా ముఖంలోకి చూశాడు. నేను తేగ వైపు చూశాను.

“నాకు కోపమొచ్చీసినాది. పారిపోనాడు సూడండి బాబూ అన్నాను. ఆయన కాదన్నారు. ‘వచ్చాడు. సూసాడు. రాస్తాడులే’ అన్నారు. బదిలీ మీద ఎల్లిపోతన్నపుడు బస్సు కాడ కూడా అదే మాట. మరి రాసినారేటి?”

తేగ జేబులో పెట్టుకుని కారు వైపు నడిచాను.

మర్నాడు సోమవారం పొద్దున్న కాఫీ తాగాక, బీరువా కింది అరలోంచి ఆ ఏడాది డైరీ తీశాను. ఖాళీ వరసలు నాలుగూ అలాగే ఉన్నాయి. వాటిలో ఇలా రాశాను: ‘ఉదయం ఆరున్నరకు ఒంటరిగా వచ్చాను. పన్నెండు కర్రల్లో ఏడు దిగిపోయాయి, రెండు కనిపించలేదు. దూరంగా గట్టు మీద నల్ల గొడుగు కనిపించగానే సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాను. ఎవరికీ చెప్పలేదు.’

ఆ పుస్తకం పట్టుకుని మొదటి ఆటోలో పెద్దబీల వెళ్లాను. గేటు ఇంకా తెరవలేదు. కూర్మన్న తేగల కట్టలు విప్పుతున్నాడు. అతనికి చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. చేతులు ఆపకుండా విన్నాడు.

“తేదీ ఏటేసినారు?”

“ఇవాళ్టిదే.”

“అది మటుకు సరిగ్గా ఏసినారు.”

వేలిముద్రల సిరా ప్యాడు తీసి అతని ముందు పెట్టాను. ఆ రోజుల్లోలా సాక్షిగా వేలిముద్ర వేస్తాడనుకున్నాను. కూర్మన్న బొటనవేలు పైకెత్తి చూసుకున్నాడు. తేగల మట్టి అంటి ఉంది. దాన్ని పంచెకు తుడుచుకుని మళ్లీ కట్ట అందుకున్నాడు.

“ఇప్పుడెందుకు బాబూ, పొద్దెక్కుతాది. ఆటో దొరకదు, ఎల్లండి” అన్నాడు.

పుస్తకం తిరిగి తెచ్చుకున్నాను. వేలిముద్రకు వదిలిన చోటు ఖాళీగానే ఉంది. దాని కింద గీత గీయలేదు.